పెనుకొండ వరహాలు, రామటెంకెలు

ప్రాచీన నాణెములను కొత్తగా సేకరింపబూనినవారు తొలుత నడుగు ప్రశ్న, దీని వెల యెంత యన్నది. ఆ ప్రశ్న సహజమే గాని, హిందూపురము మొదలు ధర్మవరము వఱకు వ్యాపించిన యీ సీమలో, పెనుకొండ దుర్గచ్ఛాయలో, ఒక విజయనగరపు వరహాను చేతబట్టినవాడు అంతకు ముందుగ విచారింపవలసినది, ఈ బంగారు బిళ్లపై నిలిచిన దేవుడెవరు, వెనుకవైపున నున్న పేరెవరిది యన్న సంగతి. ఏలయన, ఒక మహారాజ్యము తుంగభద్రాతీరమును విడిచి పెనుకొండకును, పెనుకొండను విడిచి చంద్రగిరికిని తరలిపోయిన చరిత్రము, శాసనములలో నెంత స్పష్టముగ నున్నదో, మూడు గ్రాముల చిల్లర తూగు నీ నాణెములపై నంత స్పష్టముగను ఉన్నది.

సంస్కృతమున ఘనగిరి యని ప్రసిద్ధి చెందిన పెనుకొండకు విజయనగర రాజ్యముతోడి సంబంధము రాజ్యారంభము నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడైన వీరవిరూపణ్ణ ఒడెయరు ఈ సీమను పాలించిన కాలమున, 1354 ప్రాంతమున, కోట బలపరుపబడినట్లు ఉత్తరద్వారమునందలి శాసనము తెలుపుచున్నది. తరువాతి రాజులకు ఇది విడిదిపట్టణము. రాజ్యమునకు దక్షిణమున ధనాగారము. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో వీరభద్రాలయమును అచ్యుతదేవరాయల కాలమున నిర్మింపజేసిన విరూపణ్ణ పెనుకొండ భాండాగారాధికారి యనియు, రాజాజ్ఞ లేక బొక్కసపు ధనమును గుడికి వ్యయపఱచెనన్న అభియోగము రాగా తన కన్నులను తానే పెఱికి గోడకు విసరికొట్టెననియు జనశ్రుతి. ఆ గోడపై నెఱ్ఱని మరకలను నేటికిని చూపుదురు. ఆ కథ యెంతవఱకు చరిత్రమైనను, పెనుకొండ యనగా బొక్కసమన్న భావము ఈ ప్రాంత ప్రజల మనస్సులో నెంతగా నాటుకొన్నదో దానివలన తెలియుచున్నది.

ఆ బొక్కసమున రాశులుగా నుండిన ధనమెట్టిదో విదేశీయులు వ్రాసియుంచిరి. 1443 లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాకు, వరహా, అందులో సగమైన ప్రతాపము, ప్రతాపములో పదియవ వంతైన పణము అను బంగారు నాణెములను, పణములో ఆఱవ వంతైన తార యను వెండి నాణెమును, తారలో మూడవ వంతైన రాగి జీతలును వర్ణించి, వీనిలో పణమే మిక్కిలి వాడుకలో నున్నదని చెప్పెను. కృష్ణదేవరాయల కాలమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేయిసు, పూర్వపు వరహాలపై ఒకవైపున రెండు ప్రతిమలును, రెండవవైపున రాజు పేరును ఉండుననియు, ఈ రాజు ముద్రింపించిన వానిపై నొక్క ప్రతిమయే కలదనియు చెప్పియున్నాడు. ఈ చిన్నమాట సేకర్తకు పెన్నిధి వంటిది. ఏలయన, హరిహరరాయల నాటి వరహాలపై ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు జంటగా కూర్చుండి యుందురు. కృష్ణరాయల వరహాపై వెన్నముద్ద చేతబట్టిన బాలకృష్ణుడొక్కడే కనుపించును. ఉదయగిరిని జయించి, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును హంపికి తెచ్చి 1515 లో ప్రతిష్ఠించిన రాజు, ఆ విజయమునే నాణెముపై నిలిపెనని పండితుల నిర్ణయము. అచ్యుతరాయల నాణెముపై ముక్కులతోను గోళ్లతోను ఏనుగులను పట్టిన గండభేరుండము విహరించును. దేవుళ్లు మారినను వెనుకవైపున నాగరిలిపిలో శ్రీప్రతాపకృష్ణరాయ యనియో, శ్రీప్రతాపాచ్యుతరాయ యనియో రాజు పేరు తప్పక యుండెను.

1565 జనవరి 23 న దక్కను సుల్తానులతోడి రక్కసితంగడి రణమున అళియ రామరాయలు కూలెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు నామమాత్రపు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకొని, 550 ఏనుగులపై ధనమును నింపుకొని పెనుకొండకు చేరెనని చరిత్రకారుడు సూయెలు వ్రాసినాడు. తిరుమలరాయల వరహాపై సీతారాములు ఆసీనులై యుండగా లక్ష్మణుడు పక్కన నిలిచియుండును. కాలి కూలిన రాజధానిని వెనుక విడిచి, కొండకోటలో క్రొత్త వంశమును నెలకొల్పిన యా వృద్ధుడు, నాణెముపై పట్టాభిరాముని నిలుపుటలో, రాజ్యము మరల నిలువగలదన్న ఆశను ముద్రించెనని నా నమ్మకము. ఈ ఒక్క నాణెమునందు పెనుకొండ చరిత్రము మూర్తీభవించి యున్నదని నేను తలంతును.

సరిగా ఈ నాణెము దగ్గఱనే కొత్త సేకర్త మోసపోవును. రామటెంకె యను నొక బిళ్ల తెలుగు కన్నడ సీమలలోని యిండ్లలో దేవతార్చన పెట్టెయందు ఉండును. దానిపైనను సీతారాముల పట్టాభిషేకమే. వెనుకవైపున హనుమంతుడో, కొన్ని అక్షరములో ఉండును. కాని అది ఏ రాజును ముద్రింపించిన నాణెము గాదు, ఏ అంగడిలోను చెల్లినది గాదు. పూజకై బంగారముతోను, వెండితోను, ఇత్తడితోను చేసికొన్న భక్తిచిహ్నము మాత్రమే. కొన్నింటిపై అసంభవమైన ప్రాచీన సంవత్సరములు చెక్కబడియుండును. వానిని చూపి, ఇది వేలయేండ్ల నాటి నాణెమని నమ్మించి అమ్మువారు కలరు. తూకము వేసిన చాలు, గుట్టు బయటపడును: వరహా సుమారు 3.4 గ్రాములు, అర్ధవరహా 1.7 గ్రాములు, రామటెంకెలకు అట్టి కట్టుబాటు లేదు, ప్రాచీనములు కొన్ని గిన్నెవలె పల్లముగ నుండి పరిమాణమునను మిక్కిలి పెద్దవి. అట్లని రామటెంకెను తృణీకరింపరాదు. కొనుట కమ్ముటకు గాక కొలుచుటకై పుట్టిన యా బిళ్లకు వేఱొక చరిత్రము కలదు. నాణెముల పెట్టెలో గాక దాని స్థానమున దానిని ఉంచినచో నది యెంతయు విలువైనది.

పాశ్చాత్యదేశములలో జూదశాలల పందెపు బిళ్లలను ప్రీతితో సేకరించువారు కలరు. ఏ శాల బిళ్ల ఆ శాలయందే చెల్లును. పొరుగు శాల గడప దాటిన నది రంగు బిళ్ల మాత్రమే. సరిగా ఇట్టి స్థితియే తిరుమలరాయల కాలమున రాగినాణెములకు పట్టినది. 1567 లో ఈ దేశమున సంచరించిన వెనీసు వర్తకుడు సీజరు ఫ్రెడరికు, రాజు పరివారముతో పెనుకొండకు తరలిపోయిన వార్తను వ్రాయుచునే, దారిలో దినదినము క్రొత్త పాలకుని సీమలో అడుగిడవలసి వచ్చెననియు, అందఱును విజయనగర సామంతులే యైనను ఎవరి రాగినాణెము వారు ముద్రించుటచే నేడు పుచ్చుకొన్న కాసు రేపు చెల్లకుండెననియు మొఱపెట్టుకొన్నాడు. రాజ్యము సడలిన తీరును ఏ శాసనమును ఇంత సూటిగ చెప్పలేదు.

1586 లో సింహాసన మెక్కిన వేంకటపతిదేవరాయలు తొలుత పెనుకొండనే ఏలి, 1592 ప్రాంతమున చంద్రగిరికి తరలెను. ఆయన వరహాపై తోరణము క్రింద వేంకటేశ్వరస్వామి నిలిచియుండును. వెనుకవైపున ‘శ్రీవేంకటేశ్వరాయ నమః’ అని యుండును. రాజు పేరుండవలసిన తావున దేవుని పేరు వచ్చినది. రెండు వైపులును దేవునికే సమర్పింపబడిన యీ నాణెము రాజు భక్తికి సాక్ష్యమో, రాజముద్రకు పూర్వపు ధాటి తఱిగినదనుటకు సాక్ష్యమో చదువరులే నిర్ణయింపవచ్చును. నేను రెండును నిజమందును. ఈ పద్ధతినే యూరపు కంపెనీలు అనుకరించినవి. స్వామితోపాటు శ్రీదేవి భూదేవులను నిలిపిన మూడుస్వాముల వరహా మదరాసున ఇంగ్లీషువారు కొట్టించినదే. తరువాతి వానిలో వెనుకవైపున అక్షరములు పోయి చుక్కలు మిగిలినవి. ఆ చుక్కల నడుమ నక్షత్రము వెలసి నక్షత్రపు వరహా యైనది. 1800 లో నిజాము ఈ సీమను కంపెనీకి దత్తము చేయగా, అనంతపురమునకు వచ్చిన తామసు మన్రో శిస్తు లెక్కలు ఆ నక్షత్రపు వరహాలలోనే సాగినవి. 42 పణములు ఒక వరహా. 80 కాసులొక పణము. 1818 లో నూఱు వరహాలకు 350 రూపాయలని నిర్ణయించి రూపాయిని ప్రమాణము చేయుటతో వరహా వాడుక తీఱిపోయినది.

కంపెనీ ఏలుబడికి ముందు హిందూపురము వైపున మైసూరు ప్రభావమధికముగ నుండెను. మరాఠా సేనాని మురారిరావు తన తండ్రి పేర ఆ పురమును కట్టించెనని చెప్పుదురు. బెల్లము చింతపండుల వర్తకమున కిరవైన యా పేటలో హైదరు వరహాలు, టిప్పు ఏనుగు కాసులు చేతులు మారినవి. హైదరు తన వరహాపై పార్వతీపరమేశ్వరులను చెక్కుచెదరక ఉంచి, వెనుకవైపున తన పేరి మొదటి పారసీకాక్షరమును మాత్రము వేయించెను. టిప్పు నాణెములలో పెక్కింటిపై సంవత్సరపు అంకెలను కుడినుండి ఎడమకు చదువవలయునని తెలియక తికమకపడువారు పెక్కండ్రు.

పరిశోధనకు పూనినవానికి ఆధారములకు కొఱత లేదు. కావలి సోదరుల సాయమున మెకంజీ దొర ఆఱువేలకు పైగా నాణెములను కూర్చెను. వాల్టరు ఇల్యటు దక్షిణదేశ నాణెములపై గ్రంథమును 1886 లో ప్రకటించెను. విజయనగర నాణెములను హుల్ట్జి పండితుడు 1891 లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ యందు వివరించెను. హైదరాబాదు మ్యూజియములోని విజయనగర నాణెముల పట్టికను ఎన్. రమేశన్ గారు 1962 లో వెలువరించిరి. ఈ పట్టికల యవసరమేమనగా, ముద్ర పెద్దది, బిళ్ల చిన్నది యగుటచే ఏ యొక్క నాణెముపైనను పేరు పూర్తిగా పడదు. నాలుగైదింటిని ప్రక్కప్రక్కన చూచిననే పంక్తి పూరణమగును. అంచున టంకము వేసిన గుఱుతున్నచో నది కాసులపేరున కూర్చబడినదని యెఱుగవలెను. ఒంటిపై చిన్న బుడగలు, అంచుచుట్టు అతుకుగీత యున్నచో పోతపోసిన నకలు.

కాని యే పట్టికయు చెప్పలేని దొకటి కలదు: నాణెము దొరికిన చోటు. తిరుమలరాయల యేనుగుల కథ నేటికిని దురాశాపరులను కొండలకు పంపుచున్నది. గుప్తనిధుల పేర రాయలసీమలో గుళ్ల గర్భాలయములు త్రవ్వబడుచున్నవి, నందుల కడుపులు పగులగొట్టబడుచున్నవి. ఆ త్రవ్వకమున ఒక వరహా దొరికినను, అది ఏ కుండలో, ఏ నాణెములతో కలిసి, ఏ ఊరి పొలమున నుండెనో తెలియకపోవుటచే చరిత్రమునకు చచ్చినట్టిదే. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిధి దొరికినవాడు కలెక్టరునకు వ్రాతమూలముగ తెలుపవలెను. 1972 నాటి చట్టముచే నూఱేండ్లు దాటిన వస్తువులను దేశము దాటించుట నేరము. ఊరు చెప్పక అమ్మజూపిన బంగారు నాణెమును కొనకుండుటయే సేకర్త కుచితము.

కొత్తవానికి నా సలహా యేమన, బంగారముతో గాక రాగితో నారంభింపవలెను. సీజరు ఫ్రెడరికును విసిగించిన ఆ సామంతుల కాసులు ఇప్పటికిని పూర్తిగా వర్గీకరింపబడలేదు. ఇంటి పాత పెట్టెలలోను, కంచర్ల యంగళ్లలోను అవి చింతపండు పులుసుతో తోమబడి మెఱయుచుండును. అట్లు తోముటచే అక్షరములు అరిగిపోవును గనుక తోమవలదని ముందుగనే చెప్పవలయును. ఒక్కొక్క కాసును తూచి, రెండు వైపుల బొమ్మలను కాగితముపై గీసి, పెనుకొండ, మడకశిర, ధర్మవరము ప్రాంతములలో ఏ యూరివారి యింట చూచితిమో, వారికది ఎట్లు సంక్రమించెనో ప్రక్కన వ్రాసికొని, సమాన లక్షణములు గలవానిని ఊళ్లవారీగ చేర్చుచు పోయినచో, ఏ పాలెగాని ఏలుబడి ఎంతవఱకు చెల్లెనో ఆ కాసులే ఎల్ల గీయగలవు.