రంగు చెప్పిన లెక్క: తిరుపతిలో రసాయన పరిశోధన

విశ్వవిద్యాలయంలో ఎవరు దేని మీద పరిశోధన చేస్తారన్నది వాళ్ల అభిరుచిని బట్టి ఉంటుందని అనుకుంటాం. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర శాఖ నుంచి వచ్చిన పత్రాలను వరుసగా పెట్టి చూస్తే, గదిలో ఏ పరికరం ఉందన్నదే చాలాసార్లు అభిరుచిని తేల్చినట్టు కనిపిస్తుంది.

రాయలసీమకు ఉన్నత విద్య ఆలస్యంగా అందింది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అనంతపురంలో రెండో కేంద్రం పెట్టాలన్న మాట ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1945లో తిరుపతిలో ఆర్ట్స్ కళాశాల తెరిచింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, 1954లో, ఎస్. గోవిందరాజులు నాయుడు తొలి ఉపకులపతిగా కొండ కింద విశ్వవిద్యాలయం వెలిసింది.

అప్పటికే వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనవేత్త టి.ఆర్. శేషాద్రి 1934 నుంచి 1949 దాకా పనిచేసి, మొక్కల్లోని పదార్థాలను పరిశోధించే గొప్ప శిష్యవర్గాన్ని తయారుచేసి ఢిల్లీకి వెళ్లారు. టెరోకార్పస్ జాతి కలపల రసాయనంపై ఆయన సమీక్షావ్యాసం 1972లో అచ్చయింది. మన శేషాచలం ఎర్రచందనం ఆ జాతిదే. మన కొండ చెట్టు గురించి మనం ఢిల్లీ నుంచి తెలుసుకోవలసి వచ్చింది. దీన్ని తిరుపతి లోపంగా ఎంచను. చెక్క నుంచి ఒక పదార్థాన్ని విడదీసి దాని నిర్మాణం తేల్చాలంటే ఖరీదైన యంత్రాలు కావాలి, అవి కొత్త శాఖకు అంత తొందరగా అందేవి కావు.

అందిన పని విశ్లేషణ రసాయనం. దాని పద్ధతి చక్కనిది. ఆల్డిహైడునో కీటోనునో థయోసెమికార్బజైడుతో కలిపి మరిగిస్తే థయోసెమికార్బజోన్ అనే కారకం తయారవుతుంది. దాన్ని రాగి అయాన్లున్న ద్రావణంలో కలిపితే రంగు తేలుతుంది. రాగి ఎంత ఉంటే రంగు అంత చిక్కన. ఆ రంగు ఎంత కాంతిని పీల్చుకుంటుందో స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిస్తే రాగి లెక్క తెలుస్తుంది. కారకాన్ని ప్రయోగశాలలోనే తయారు చేసుకోవచ్చు, ఉన్న పరికరమే చాలు. ఎ. వరదారెడ్డి బృందం 2005లో ఆకుకూరల్లో, మందుల్లో రాగిని కొలిచే ఇలాంటి పద్ధతిని అంతర్జాతీయ పత్రికలో ప్రకటించింది.

ఈ తరహా పనిని చిన్నచూపు చూసేవాళ్లున్నారు: కారకం మార్చి, లోహం మార్చి అదే పత్రాన్ని మళ్లీ రాశారని. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు చేతిపని, ఓపిక, లెక్కలో నిజాయితీ నేర్పింది ఈ రంగుల పనే. ఆకుకూరలో లోహం ఎంతుందో తెలుసుకోవడం చిన్న విషయమని నేను ఎన్నడూ అనుకోను.

దీనికి తోడుగా పోలరోగ్రఫీ నడిచింది. పాదరసం బొట్లు బొట్లుగా రాలుతుంటే విద్యుత్తుతో పదార్థాన్ని పసిగట్టే ఈ పద్ధతిని 1922లో చెక్ రసాయనవేత్త హైరోవ్‌స్కీ కనిపెట్టాడు. పురుగుమందుల అవశేషాలను కొలవడానికి ఇక్కడివాళ్లు దాన్ని వాడారు. వేరుశనగ, టమాట, మామిడి పండించే ప్రాంతానికి ఇది దగ్గరి ప్రశ్న.

సేంద్రియ రసాయనంలో సి. సురేశ్‌రెడ్డి బృందం భాస్వరాన్ని పట్టుకుంది. అమీన్, ఆల్డిహైడు, ఫాస్ఫైటు మూడింటినీ ఒకే కుప్పెలో కలిపే కబాచ్నిక్-ఫీల్డ్స్ చర్య 1952 నాటిది. దానితో వచ్చే అమినోఫాస్ఫోనేట్లు అమినో ఆమ్లాలను పోలి ఉంటాయి. అందుకే వాటిలో మందుగుణాలు వెతుకుతారు.

మొక్కల వైపు మళ్లింది డి. గుణశేఖర్ బృందం. నేలవేము, దాని దగ్గరి చుట్టాలు వాళ్ల సరుకు. ఆండ్రోగ్రాఫిస్ ఎకియాయిడిస్ అనే మొక్కలో కొత్త చాల్కోన్ గ్లూకోసైడును కనుక్కుని ఆండ్రోఎకిన్ అని పేరు పెట్టి 2001లో ప్రకటించారు. ఆ పత్రం రచయితల్లో పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి చెందిన బెర్నార్డ్ బోడో కూడా ఉన్నారు. వాల్తేరు సంప్రదాయం తిరుపతికి చేరడానికి అంత దూరపు స్నేహం తోడ్పడింది.

2015లో తిరుపతికి ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చాయి. ఏర్పేడు దగ్గర వాటి ప్రాంగణాల్లో ఇప్పుడు పెద్ద యంత్రాలు, కొత్త ప్రశ్నలు ఉన్నాయి. పాత శాఖలో ఈ నేల మొక్కలు, నీళ్లు, పంటలు ఎరిగిన అనుభవం ఉంది. ఐఐటీ, ఐసర్‌లలోని యువ పరిశోధకులకు నాదొక విన్నపం. ఒక్కసారి బస్సెక్కి తిరుపతి వచ్చి, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత పరిశోధన గ్రంథాలు తెరిచి చూడండి. పరికరం లేక ఆగిపోయిన పని ఏదైనా కనిపిస్తే, అక్కడి నుంచి మీరు మొదలుపెట్టండి.