దక్కను మైదానమున చీతాపులి

బేగంబజారునుండి మూసీ దాటి పోయినచో బహదూర్‌పురాలోని నెహ్రూ జంతుప్రదర్శనశాల వచ్చును. 2013లో సౌదీ అరేబియా రాకుమారుడొకడు ఈ శాలకు చీతాపులుల జంటను బహూకరించెను. ఆడది 2020లోను, మగది 2023లోను మరణించెను. అవి పరదేశపు అతిథులు. కాని చీతాజాతి ఈ దక్కనునకు క్రొత్తది కాదు.

చిరుతయు, చీతాయు ఒకటే యని మనలో పలువురు భావింతురు. చిరుత పొంచి పట్టును, చెట్లెక్కును. చీతా బక్కపలుచనిది, దాని కంటికొననుండి నోటివరకు కాటుక కారినట్టు నల్లని చార యుండును. గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తును. ఆ పరుగు కొన్ని వందల మీటర్లు మాత్రమే. కావున దానికి బయలు కావలెను, ఆ బయలులో జింకలు కావలెను.

ఈ పరుగే రాజులను మోహింపజేసెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున కన్నులకు గంతలు కట్టిన చీతాను ఎద్దుబండిపై జింకలకడకు కొనిపోయి వదలెడివారు. 1893లో హైదరాబాదునకు వచ్చిన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఈ వేటను చూచెను. 1914లో అతని హత్యయే మొదటి ప్రపంచయుద్ధమునకు నిప్పంటించినది.

అయితే ఆ చీతాలు ఎచ్చటివి? గుఱ్ఱములవలె శాలలలో పుట్టినవి కావు. తన తండ్రి అక్బరు వేయి చీతాలను చేర్చియు వాటి సంతానమును చూడజాలక పోయెనని జహంగీరు వ్రాసికొనెను. 1613లో ఒక చీతా మూడు పిల్లలను కనగా దానిని వింతగా పేర్కొనెను. బందీయైన చీతా ఈనుట మరల 1956లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలోనే నమోదైనది. కావున ప్రతి వేటచీతాను అడవినుండి పట్టవలసినదే. అదియు పిల్లను కాదు. తల్లివద్ద వేట నేర్చి పెరిగినదానినే కోరెడివారు. ఈనదగిన ప్రాయములోని జంతువులే ఇట్లు తరలిపోయెను. బయళ్లు పొలములగుట, జింకలు తరుగుట, తుపాకి ప్రబలుట దీనికి తోడయ్యెను. ద్వేషించి చంపినవారికంటె ముచ్చటపడి పెంచినవారు చేసిన నష్టము తక్కువ కాదు.

1947లో కొరియా సంస్థానాధీశుడు మూడు చీతాలను కాల్చెను. 1952లో ఈ జాతి దేశమున అంతరించినదని ప్రభుత్వము ప్రకటించెను. 2000 తరువాతి సంవత్సరములలో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇరాను చీతా కణములతో దానిని తిరిగి సృష్టింప దలచిరి, ఇరాను సమ్మతింపలేదు. 2022లో నమీబియానుండి ఎనిమిది ఆఫ్రికా చీతాలను మధ్యప్రదేశములోని కూనోకు తెచ్చిరి.

ఒకప్పటి నిజాము వేటభూమియైన వనస్థలిపురపు హరిణవనస్థలిలో కృష్ణజింకలు నేటికిని పరుగెత్తుచున్నవి. ఆ పరుగును వాటికి నేర్పిన చీతా మాత్రము అచ్చట లేదు. ప్రేమించుటకును, పట్టి కట్టివేయుటకును గల భేదమును మనము ఆలస్యముగా నేర్చితిమి.