చిన్నమలై ఊట

సైదాపేట అనగానే పాతతరపు తెలుగు ఉపాధ్యాయులకు అక్కడి శిక్షణ కళాశాల జ్ఞాపకం వచ్చేది. ఆంధ్ర జిల్లాలు మదరాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజులలో మనవారెందరో అక్కడ ఎల్.టి. పట్టం పుచ్చుకొన్నారు, సర్వేపల్లి రాధాకృష్ణన్ 1910లో అక్కడి విద్యార్థియే. ఆ ఊరినుండి అడయారు నది దాటగానే దక్షిణపు గట్టున ఒక చిన్న రాతిగుట్ట ఉన్నది. తమిళులు దానిని చిన్నమలై అంటారు. అక్కడ ఒక పాత చర్చి, దాని ప్రక్కన ఒక గుహ, చేరువలోనే రాతి నెర్రెలో ఒక ఊట ఉన్నవి.

క్రీస్తు శిష్యుడైన తోమా శత్రువులకు వెరచి ఆ గుహలో తలదాచుకొన్నాడనీ, తన బోధ వినవచ్చిన జనం దాహంతో అలమటించగా చేతికర్రతో రాతిని కొట్టి నీరు పుట్టించాడనీ ఐతిహ్యం. యాత్రికులు ఆ నీరు రోగహరమని నమ్ముతారు.

ఈ కథను చరిత్ర ఎంతవరకు బలపరుస్తుంది? తోమా భారతదేశానికి వచ్చినట్లు చెప్పే గ్రంథాలలో మిక్కిలి పాతది 3వ శతాబ్దంలో సిరియాక్ భాషలో పుట్టిన ‘తోమా చర్యలు’. అందులోని గొండోఫారెస్ వాయవ్య భారతాన్ని ఏలిన రాజు. అతని నాణెములు దొరికినవి. మైలాపూరు పేరు మాత్రం అందులో లేదు. 13వ శతాబ్దపు మార్కోపోలో తోమా సమాధి ఈ తీరాన ఉన్నదని వ్రాశాడు. క్రైస్తవులతోపాటు మహమ్మదీయులూ అక్కడికి యాత్ర వచ్చేవారట. అక్కడి మట్టిని జ్వరపీడితులకు మందుగా ఇచ్చేవారట. చిన్నమలైమీద చర్చిని పోర్చుగీసువారు కట్టినది 1551లో. 1726లో ఖోజా పెట్రస్ ఉస్కన్ అనే ఆర్మీనియను వర్తకుడు సొంత ధనంతో అడయారుపై వంతెన కట్టించి, యాత్రికులకు దారి సుగమం చేశాడు.

చర్చికి తేదీ ఉన్నది, వంతెనకు తేదీ ఉన్నది, ఊటకు లేదు. పైగా మోషే హోరేబులో రాతిని కొట్టి నీరు తెప్పించిన బైబిలు కథకూ దీనికీ పోలిక స్పష్టం. అంతమాత్రాన దీనిని కట్టుకథ అని త్రోసివేయవలెనా?

ఇట్టి సందర్భంలో మన కైఫీయతులు దారి చూపుతాయి. కావలి సోదరులు మెకంజీ దొరకోసం ఊరూరా సమాచారం సేకరించినప్పుడు శాసనాలతోపాటు స్థలపురాణాలూ, జనశ్రుతులూ చేర్చారు. గ్రామస్థులు చెప్పినదానిని పారవేయలేదు. ఆ రెండింటిని కలిపివేయక, వేరువేరుగా తూచి చూడడం తరువాతి చరిత్రకారుల పని.

చిన్నమలై విషయంలోనూ అంతే. తోమా అక్కడ నిలిచినాడని ఋజువు చేయలేము. కాని అక్కడి ప్రజలు తమ మహాత్ముని గూర్చి దాచుకొన్న జ్ఞాపకం ఎటువంటిదో చెప్పగలము. ఆయన రాజులను జయించినాడని కాదు, దప్పిగొన్నవారికి నీరిచ్చినాడని వారు చెప్పుకొన్నారు. తోమా కాలానికి అది సాక్ష్యం కాదు. ఆ కథను తరతరాలుగా చెప్పుకొన్న జనానికి సాక్ష్యం. వారి చరిత్ర వ్రాయబూనినవాడు ఆ ఊటను విడిచిపెట్టరాదు.