పరుగెత్తువాని చెవిలో పాట

తెల్లవారుజామున సరూర్‌నగర్ చెరువు ప్రాంతమున నిలిచి చూచువారికి ఒక విశేషము కనబడును. నడచువారు, పరుగెత్తువారు పెక్కుమంది చెవులలో గుండీలవంటి చిన్న సాధనములను ధరించి పోవుచుందురు. వారికి పాట వినబడుచుండును, ప్రక్కవానికి వినబడదు. నలుబది యేండ్లు దాటిన పిమ్మట వైద్యుని సలహాపై మేమును ఆ గుంపులో చేరితిమి. చేరిన మొదటి వారముననే చిక్కు వచ్చిపడినది. జేబులోని సెల్‌ఫోను అడుగడుగునకు తొడకు కొట్టుకొనుచుండెను. చేత బట్టుకొన్నచో చెమటకు జారుచుండెను. అంతర్జాలమునుండి పాటలను తెచ్చి వినిపించునట్టియు, పరుగునకు అడ్డురానట్టియు చిన్న పెట్టె యొకటి దొరకునా యని వెదకనారంభించితిమి. ఆ వెదకులాట మమ్ము చరిత్రలోనికి దింపినది.

ఆ చరిత్రతో ఈ సరూర్‌నగర్‌కు సంబంధము లేకపోలేదు. 1935లో 200 వాట్ల శక్తితో ప్రసారములు సాగించిన దక్కన్ రేడియోకు, 1939లో ఇచ్చటనే 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు సమకూరెను. 1950 ఏప్రిల్ 1న ఆ రేడియో భారత ప్రభుత్వము వశమైనది. ఆనాటి రేడియోపెట్టె ఇంటి సామానులలో ఒకటి. దానిలోని గాజు వాల్వులు వేడెక్కినగాని ధ్వని పుట్టదు; అవి వేడెక్కుటకు విద్యుత్తు మిక్కిలిగా కావలెను. కావున పాట యున్నచోటికి మనుష్యుడు పోవలసినదే కాని, మనుష్యుడు పోవుచోటికి పాట రాదు. పెట్టెచుట్టు ఇల్లంతయు కూర్చుండెడిది; ఇరుగుపొరుగువారును వచ్చెడివారు.

ఈ కట్టును తెంచినది ట్రాన్సిస్టరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు బార్డీన్, బ్రాటెయిన్ అను శాస్త్రజ్ఞులు దానిని పనిచేయించి చూపిరి. వారికిని, షాక్లీకిని 1956లో నోబెల్ బహుమానము లభించెను. వేడెక్కనక్కరలేని ఈ చిన్న వస్తువుతో 1954లో రీజెన్సీ అను పేర జేబురేడియో వెలువడెను. అందు ట్రాన్సిస్టరులు నాలుగు మాత్రమే. వెల 49 డాలర్ల 95 సెంట్లు. మన పల్లెలలో తోలుసంచి తొడిగిన ట్రాన్సిస్టరు సైకిలు హాండిలుకు వ్రేలాడుట, క్రికెట్ వ్యాఖ్యానము వినుటకు దారినపోవువారు దాని చుట్టు మూగుట మాకు ముందుతరమువారు చక్కగ నెరిగినదే.

అయినను ఏ పాట వినవలెనో నిర్ణయించునది ఆకాశవాణియే కాని శ్రోత కాదు. ఆ అధికారమును శ్రోతకిచ్చినది క్యాసెట్టు. 1963లో ఫిలిప్స్ సంస్థ దానిని ప్రదర్శించెను. 1979 జూలై 1న జపానులో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విక్రయింపనారంభించెను. ఆ మొదటి వాక్‌మన్‌కు చెవిగొట్టములు తగిలించుటకు రంధ్రములు రెండుండెను! ఒక్కడే వినుట మర్యాద కాదేమో యని సంస్థ అధిపతి మోరిటా సంకోచించెనట. జనులు ఆ సంకోచమును పాటింపలేదు. కాలక్రమమున రెండవ రంధ్రము మాయమైనది.

తరువాత వచ్చిన కాంపాక్ట్ డిస్కు పరుగెత్తువానికి తొలుత అచ్చిరాలేదు. అడుగు నేలను తాకినప్పుడెల్ల లేజరుకిరణము దారి తప్పి, పాట తెగుచుండెను. అందుచే కొన్ని క్షణముల సంగీతమును ముందుగానే చదివి, జ్ఞాపకపు చిప్‌లో దాచు ఉపాయమును కనిపెట్టిరి. ఈ ఉపాయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో బ్రాండెన్‌బుర్గ్ మున్నగువారు, పెద్దధ్వని చాటున మనచెవి గ్రహింపలేని చిన్నధ్వనులను వదలివేసి, పాట పరిమాణమును సుమారు పదవవంతునకు తగ్గించు పద్ధతిని రూపొందించిరి. అదియే ఎం.పి.3. 1998లో కొరియానుండి వచ్చిన ఎం.పి.మాన్ అను యంత్రమున 32 మెగాబైట్ల స్థలముండెను. అందు పట్టినది అరగంట పాట. కాని కదలు భాగమేదియు లేదు గనుక, ఎంత కుదిపినను పాట తెగదు. 2005లో ఆపిల్ సంస్థ తెరయే లేని 22 గ్రాముల ఐపాడ్ షఫుల్‌ను తెచ్చెను. పరుగెత్తువానికి ఇంతకన్న కావలసినదేమి? అయినను 2017లో దాని విక్రయము ఆగిపోయినది.

ఏల ఆగెను? పాట శ్రోతవద్ద నుండుట మాని, దూరపు కంప్యూటరునుండి అప్పటికప్పుడు ప్రవహించుట అలవాటయ్యెను గనుక. ప్రవాహమును అందుకొనుటకు ఎడతెగని రేడియోసంబంధము, దానికి తగిన బ్యాటరీ, చందాదారుని గుర్తింపు—ఇవి యన్నియు కావలెను. సెల్‌ఫోనులో ఇవన్నియు ఉన్నవి. కావున చిన్నపెట్టెలు ఫోను కడుపులోనికి పోయినవి. 2017లో మైటీ అను తెరలేని చిన్నపెట్టె అమెరికాలో వెలువడెను. ఫోను లేకయే అది స్పాటిఫై పాటలను వినిపించును. అయితే అది చేయునది నిజముగ ప్రవాహము కాదు. ఇంటివద్ద పాటలను ముందుగా నింపుకొని పోవుటయే. డిస్కునాటి పాత ఉపాయమే మరల వచ్చినది. క్షణములకు బదులు గంటలు దాచుకొనుచున్నది. సెల్ సంబంధము గల చేతిగడియారములు దారిలోనే పాటను అందుకొనగలవు కాని, వాటి బ్యాటరీ త్వరగా కరగిపోవును.

ఇచ్చట మాకు తోచిన ముఖ్యవిషయము వేరొకటి. మా యింటి పెట్టెలోని క్యాసెట్టు, యంత్రము పనిచేయునంతకాలము పలుకును. చందాపాట అట్లు కాదు. చందా ఆగిననాడు దాచుకొన్నదియు మూగవోవును. అది మనకు ఇచ్చినది కాదు, ఎరువిచ్చినది. మరియు, ప్రవాహము శ్రోతశ్రోతకు వేరుగా పంపబడవలెను; రేడియో తరంగము ఒకనికైనను లక్షమందికైనను ఒక్కటియే, వినువాని పేరడుగదు. మేము రేడియో ఉద్యోగులము. మా మాటలో పక్షపాతము పాలెంతో పాఠకులే తీసివేసికొందురు గాక.

తుదకు మేము కొన్నది చొక్కాకు తగిలించుకొను చిన్నపెట్టె. అందు మా సొంత పాటలకు జ్ఞాపకపు కార్డును, ఎఫ్.ఎం. రేడియోయును గలవు. చెవితీగయే దానికి ఏరియలు. అంతర్జాలము దానికి తెలియదు. రాత్రి పాటలను నింపుకొని, ఉదయము పరుగెత్తుచున్నాము. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు చేరగానే ఒక చెవిని ఖాళీచేసికొనుచున్నాము. బస్సు హారను వినబడకున్న ఏ పాటకును ఫలము లేదు.

మొన్న గట్టుప్రక్క బెంచీపై ఒక వృద్ధుడు చిన్న రేడియోను పైకే వినిపించుచు కూర్చుండెను. వివిధభారతిలో పాత పాట వచ్చుచున్నది. మేము చెవితీగను తీసి ఆయన ప్రక్క నిలిచితిమి. మరి యిద్దరు ఆగిరి. పాట ముగిసిన పిమ్మట, ఎవరును ఏమియు అనకయే, మరల పరుగు ప్రారంభించితిమి.