నరంలో ప్రొటీన్ల ప్రయాణం: కుక్క కరిస్తే ఎందుకు ఆలస్యం చేయకూడదు?

దుత్తలూరు దుకాణానికి నెల్లూరు నుంచి లారీలో సరుకు వస్తుంది. అదే దారిలో ఖాళీ డబ్బాలు, పాత సామాను వెనక్కి వెళతాయి. మన కాలి నరాల్లోనూ ఇలాంటి రాకపోకలే రాత్రింబవళ్లు సాగుతుంటాయి.

పాదం కండరాలను కదిలించే నాడీకణాల కేంద్రం నడుము దగ్గర వెన్నుపాములో ఉంటుంది. అక్కడి నుంచి పాదం దాకా సుమారు మీటరు పొడవున సన్నని పోగు సాగుతుంది. దీన్నే ఆక్సాన్ అంటారు. దానికి కావలసిన ప్రొటీన్లు ఎక్కువగా కేంద్రంలోనే తయారవుతాయి. ఆక్సాన్ లోపల మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని గొట్టాలు పట్టాల్లా పరచి ఉంటాయి. వాటి మీద కైనెసిన్ అనే మోటారు ప్రొటీన్ సరుకును చివరికి మోస్తుంది. డైనిన్ అనే మరో మోటారు చివరి నుంచి కేంద్రానికి తెస్తుంది. కైనెసిన్‌ను 1985లో స్క్విడ్ అనే సముద్ర జీవి నరాల్లో కనుగొన్నారు.

వేగం అన్నిటికీ ఒకటి కాదు. చిన్న సంచుల్లో వెళ్లే సరుకు రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్లు పోతుంది, అంటే పాదానికి మూడు నుంచి ఐదు రోజులు. నరానికి ఆకారమిచ్చే ప్రొటీన్లు రోజుకు కొద్ది మిల్లీమీటర్లే కదులుతాయి. వాటికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది.

ఈ మోటార్లకు ఇంధనం ఏటీపీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

వెనక్కి వెళ్లే ఈ దారినే రేబిస్ వైరస్ వాడుకుంటుంది. కుక్క కరిచిన చోట నరంలో దూరి, వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. మామూలుగా లక్షణాలు ఒకటి నుంచి మూడు నెలల్లో కనబడతాయి. తల, ముఖం మీద కరిస్తే దారి దగ్గర కాబట్టి ఇంకా త్వరగా రావచ్చు. లక్షణాలు మొదలయ్యాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

అందుకే వైరస్ నరంలోకి చేరకముందే అడ్డుకోవాలి. గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పూయకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు కూడా అవసరం. మొదటి సూదితో ఆపేయకుండా, డాక్టరు చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ పూర్తి చేయాలి.