ధాతు కరవు – క్రైస్తవ సేవాచరిత్రములో నొక ఘట్టము

ప్యాపిలి నేడు నంద్యాల జిల్లాలోని మండల కేంద్రము. పూర్వము కర్నూలు జిల్లా పత్తికొండ తాలూకాలోనిది. గుత్తినుండి కర్నూలునకు బోవు బాటమీద నున్న యీ మెట్టసీమలో వానయే సేద్యమునకు దిక్కు. వాన తప్పినచో నేమగునో 1876–78 సంవత్సరములలో నీ సీమవారు చూచిరి. ధాతు నామ సంవత్సరమున నారంభమగుటచే జనులు దానిని ధాత కరవనిరి. 1871 నాటి జనగణనమును 1881 నాటి గణనముతో బోల్చినచో కర్నూలు జిల్లా జనములో సుమారు నాలుగవ వంతు తగ్గినట్లు కానవచ్చుచున్నది. ఇందు వలసపోయినవారును గొందఱుందురు. కాని చచ్చినవారే యెక్కువ.

కరవు అందఱను సమానముగ దాకలేదు. రైతు గాదెలో గొంత మిగులుండవచ్చును. కళ్లమునందు దొరకు మేరలపై బ్రదుకు మాల మాదిగలకు, పంట లేనినాడు కళ్లమును లేదు, మేరయు లేదు. ప్యాపిలి వైపు వారికి గుత్తి రైలుస్టేషను దాపున నుండుటచే బయటి ధాన్యము కొంత చేరుటకు వీలుండెను. నల్లమలకు దూర్పుననున్న కంభము, మార్కాపురము తాలూకాలు, ఆనాడు కర్నూలు జిల్లాలోనివే, రైలునకు దూరము. బండి లాగవలసిన యెడ్లు మేత లేక చచ్చుచుండెను. ప్రభుత్వము పనులు పెట్టినది నిజమే. కాని 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపుల్ కూలివానికి దినమునకొక పౌను ధాన్యపు లెక్క చాలునని నిర్ణయింపగా, చెన్నపురి ఆరోగ్యాధికారి కార్నిషు అది ప్రాణము నిలుపుటకు జాలదని వాదించెను. కొన్ని నెలలలోనే యా లెక్క మార్పవలసి వచ్చెను.

దయ యొక మతమువారి సొత్తు కాదు. 1866 నాటి కరవులో నీ జిల్లా కోయిలకుంట్ల తాలూకా ఉయ్యాలవాడ నివాసి బుడ్డా వెంగళరెడ్డి వేలకొలది జనులకు అన్నము పెట్టి, విక్టోరియా రాణివలన బంగారు పతకమును బడసెను. కావున క్రైస్తవులు అన్నము పెట్టిరా లేదా యనునది నాకు ముఖ్యప్రశ్న కాదు. అన్నము పెట్టి మతము కొనిరా యనునదే ప్రశ్న. "గంజి క్రైస్తవులు" అను ఎత్తిపొడుపు నేటికిని వినబడుచున్నది గనుక దీనిని నిదానముగ విమర్శింపవలసియున్నది.

ఇందులకు మిక్కిలి స్పష్టమైన సాక్ష్యము ఒంగోలు బాప్టిస్టు మిషనులో దొరకును. తూర్పు తాలూకాల జనులు పనికై సముద్రతీరమునకు దిగిరి. అచ్చట, తరువాత గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేర వెలసిన కాలువను ద్రవ్వించుచుండిరి. 1866 నుండి ఒంగోలులో నుండిన జాన్ క్లౌ దొర అందు సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు దీసికొనెను. ధర్మసత్రము పెట్టుటకు బదులు కూలి ఇప్పించుటయే ఆయన యెన్నుకొన్న దారి. మేస్త్రీలుగ నియమింపబడినవారు తెలుగు ప్రచారకులే. వారిలో ననేకులు మాదిగ కులమువారు. వారు పగలు మట్టి లెక్క చూచుచు, పని నడుమ కూలీలతో గూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారినిగూర్చి క్రీస్తు చెప్పిన మాటను బోధించుచుండిరి. ఏ పల్లెవాడు, ఎవరి బిడ్డ, ఇంట నెందఱు పోయిరి యని అడుగగలవారు వారే. కూలి డబ్బులు లెక్కపెట్టి యిచ్చుట యే గుత్తదారునికైనను సాధ్యము. ఈ యడుగుట దొరకును సాధ్యము కాదు. మిషను నివేదికలు దీనికి దగినంత విలువ నియ్యలేదని నా యభిప్రాయము.

అయినను కరవు సాగుచుండగా బాప్తిస్మము కోరివచ్చినవారికి క్లౌ దొర సుమారు పదునైదు నెలలు దానిని నిరాకరించెను. తిండికై వచ్చువారెవరో విశ్వాసముచే వచ్చువారెవరో తేల్చుట కష్టమని ఆయన భయము. 1878 మధ్యభాగమున సహాయము నిలిచిపోయిన పిమ్మటనే, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద చేరిన జనులకు బాప్తిస్మములు ప్రారంభమయ్యెను. జూలై 3వ తేదీ యొక్కనాడే 2222 మంది స్నానము పొందిరి. ఆరుగురు తెలుగు ప్రచారకులు, ఒకమారు ఇద్దఱు చొప్పున నీటిలో నిలిచి, వంతులవారీగ నా కార్యమును నెరవేర్చిరి; దొర స్వయముగ నెవరికిని బాప్తిస్మ మియ్యలేదు. ఆ యేడు కడపటికి సంఖ్య తొమ్మిదివేలు మించెను.

ఈ నిరీక్షణమువలన శంక పూర్తిగ దీఱునా? తీఱదు. నేడు సహాయము లేకున్నను, మఱియొక కరవున దిక్కుండునను ఆశ యుండవచ్చును. బీదవాని హృదయములో నట్టి యాశ యుండుట నేరమును గాదు. కాని గంజికే వచ్చినవారు గంజి నిలిచినప్పుడు రావలసిన పని లేదు. ఇంతేగాక, ఈ ఉద్యమము కరవునకు బూర్వమే మొదలైనది. తాళ్లకొండపాడు వాస్తవ్యుడు ఎఱ్ఱగుంట్ల పేరయ్య, మొదట రాజయోగ సంప్రదాయమున నుండి, 1866లోనే బాప్తిస్మము పొందెను. 1867లో ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. మాదిగ వృద్ధులు చెప్పిన యిట్టి కథలను క్లౌ దొర భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ సేకరించి 1899లో గ్రంథముగ వెలువరించెను. మాదిగల గురుపరంపరలను దెలిసికొనగోరు పండితుల కది మిక్కిలి యుపయుక్తము.

కొత్తగ నమ్మినవారు పల్లెలలో పొందిన దేమి? ఆదివారమున పనికి రామనిరి. జాతరలలో డప్పు కొట్టమనిరి. చచ్చిన పశువు మాంసము తినమనిరి. అందులకు గ్రామస్థులు కోపించి వారిని బనులనుండి త్రోసివేయుటయు, దారులును నీళ్లును అడ్డగించుటయు జరిగెను. కళ్లములో మేర కొఱకు చేయి చాచవలసిన వారే యిట్లు కాదనిరి.