ఎరుకకు ఒక చరిత్ర ఉంది

క్రిందటి వేసవిలో మా కళాశాలలో కాంట్రాక్టు అధ్యాపకులకు ఒకరోజు శిక్షణ తరగతి జరిగింది. "జీవితంలో మార్పులు – మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం" అని గోడకు బ్యానరు కట్టారు. కొత్త విద్యా సంవత్సరానికి ఎందరిని కొనసాగిస్తారో, ఎందరిని ఇంటికి పంపుతారో తెలియని పదహారుమందిమి కుర్చీల్లో నిటారుగా కూర్చొని, కళ్ళు మూసుకొని, ముక్కుపుటాల దగ్గర గాలి కదలికను గమనించాం. మార్పు ప్రకృతి ధర్మమనీ, మార్పును ఎదిరించేవాడే బాధపడతాడనీ శిక్షకుడు సెలవిచ్చాడు. ఉద్యోగం పోవడాన్ని ఆకు రాలడంతో పోల్చాడు. నా పక్కనున్న అర్థశాస్త్రం మిత్రుడు కళ్ళు మూసుకొనే, "ఆకు రాలడానికి జీవో అక్కర్లేదు కదండీ" అని గొణిగాడు.

ఇంతవరకు చెప్పి, మత్తుమందు అని ఒక ముద్ర గుద్ది, వ్యాసం ముగించవచ్చు. మన మిత్రులలో చాలామందికి అంతతోనే తృప్తి. నాకూ ఒకప్పుడు అంతతోనే తృప్తి. కాని మూడేళ్ళ క్రితం మా నాన్న పోయాడు. ఆ తరువాత నాలుగు నెలలు నాకు సరిగా నిద్ర లేదు. ఒక డాక్టరు మాత్రలతో పాటు, రోజూ పొద్దున్న పావుగంట శ్వాసను గమనిస్తూ కూర్చోమన్నాడు. సిగ్గుపడుతూనే కూర్చున్నాను. దుఃఖం పోలేదు. దుఃఖాన్ని పట్టుకొని వేలాడే ఆలోచనల గొలుసు మాత్రం – ఆస్పత్రికి ఒకరోజు ముందే తీసుకువెళ్ళి ఉంటే, ఆ రాత్రి నేను ఊళ్ళోనే ఉండి ఉంటే – కొంచెం కొంచెంగా సడలింది. నిద్ర వచ్చింది. ఇది అబద్ధమని నేను చెప్పలేను. ఆకు రాలడం గురించి విన్న ఉపన్యాసం నిజమనీ చెప్పలేను. ఈ రెండు అనుభవాలు ఒకే సాధన పేరుతో నాకు ఎలా ఎదురయ్యాయి? జవాబు కావాలంటే ఆ సాధన చరిత్రలోకి పోవాలి.

మొదట మాట సంగతి. పాళీలో దీన్ని 'సతి' అంటారు, సంస్కృతంలో 'స్మృతి'. అంటే జ్ఞాపకమే. సింహళంలో బ్రిటిషు ప్రభుత్వోద్యోగం చేసి, ఆనక పాళీ పండితుడైన రైస్ డేవిడ్స్ 1881లో తన అనువాదాల్లో దీనికి 'మైండ్‌ఫుల్‌నెస్' అనే ఇంగ్లీషు మాట వాడాడు. ఆ మాటే ఇవాళ లోకమంతా చలామణీ అవుతున్నది. మనకు మాత్రం 'ఎరుక' అనే చక్కని మాట ఉండనే ఉంది. వేదాంతులు వాడారు, అచల గురువులు వాడారు, చివరికి గద్దె బుట్ట పట్టుకొని ఇంటింటికీ తిరిగే ఎరుకలసాని కూడా వాడింది. ఇంత మాటను వదులుకొని మన కళాశాలలు బ్యానరు మీద ఇంగ్లీషునే తెలుగు లిపిలో రాయించుకోవడం వేరే కథ.

ఈ సాధనకు మూలమని చెప్పే సతిపట్ఠాన సుత్తం మజ్ఝిమ నికాయంలో పదవది. కురుదేశంలోని కమ్మాసదమ్మ అనే ఊళ్ళో బుద్ధుడు భిక్షువులకు చెప్పినట్టు ఉంటుంది. దేహం, వేదన, చిత్తం, ధర్మాలు – ఈ నాలుగింటినీ గమనించాలని దాని సారం. అయితే గమనించడం ఎక్కడ? 'లోపల' అని ఒకసారి, 'బయట' అని ఒకసారి, 'లోపలా బయటా' అని మరొకసారి ఆ సుత్తం ప్రతి భాగంలోనూ పల్లవిలాగా వస్తుంది. 'లోపల' అంటే తనలో, 'బయట' అంటే ఇతరులలో అని ప్రాచీన వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. నా బాధను చూసినట్టే పక్కవాడి బాధనూ చూడమని. ఈ 'బయట' అన్న ముక్కను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి; దారిలో ఇది ఎక్కడో జారిపోయింది.

రెండువేల అయిదువందల ఏళ్ళుగా సామాన్య జనం ఈ ధ్యానం చేస్తూ వచ్చారని ప్రచారంలో ఉన్న మాట సరికాదు. బౌద్ధదేశాల్లో భిక్షువులు ప్రధానంగా చదివారు, వల్లించారు, బోధించారు. గృహస్థులు అన్నం పెట్టారు, గుడులు కట్టారు, పుణ్యం సంపాదించారు. రైతులూ గుమాస్తాలూ ఇల్లాళ్ళూ వేలకొద్దీ కూర్చొని తమ శ్వాసను తామే గమనించడం నూటయాభై ఏళ్ళు కూడా నిండని సంగతి. అది మొదలైంది బర్మాలో. మొదలైంది ఒక రాజ్యం కూలినప్పుడు.

1885లో బర్మా టేకు అడవుల మీద కన్నేసిన బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌కూ, మాండలే రాజు తీబాకూ జరిమానా తగాదా వచ్చింది. కంపెనీ తగాదా బ్రిటిషు సామ్రాజ్యం తగాదా కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నవంబరు చివరికి మాండలే పడిపోయింది. 1886 జనవరి 1న ఎగువ బర్మాను సామ్రాజ్యంలో కలిపేసుకున్నారు. రాజును రత్నగిరికి పంపారు. 1916లో అక్కడే చచ్చిపోయాడు. ఆ రాజు తండ్రి మిండాన్ బౌద్ధ గ్రంథాలన్నిటినీ 729 పాలరాతి పలకల మీద చెక్కించినవాడు, 1871లో పంచమ సంగీతి జరిపించినవాడు. బర్మా ప్రజల దృష్టిలో రాజంటే పన్నులు వసూలు చేసేవాడు మాత్రమే కాదు, ధర్మానికి కాపలాదారు. కాపలాదారు పోయాడు. ధర్మం ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు లెడీ సయడా (1846–1923) అనే భిక్షువు. రాజు లేడు గనుక శాసనాన్ని నిలబెట్టే బాధ్యత ప్రతి మనిషిదీ అన్నాడు. పండితుల సొత్తుగా ఉన్న అభిధర్మాన్ని బర్మా భాషలో, సామాన్యులకు అర్థమయ్యేటట్టు రాశాడు. ఊరూరా తిరిగి గృహస్థులకు అధ్యయన బృందాలు పెట్టాడు. స్త్రీలు కూడా వాటిలో చేరారు. అడవులకు పోనక్కర్లేదు, సమాధి సిద్ధులు సంపాదించనక్కర్లేదు, ఇంటి పనుల్లో ఉంటూనే ఎరుకను అభ్యసించవచ్చునన్నాడు. అమెరికన్ పండితుడు ఎరిక్ బ్రాన్ 2013లో లెడీ గురించి రాసిన పుస్తకంలో, సామూహిక ధ్యానం వలసపాలన పుట్టించిన సంక్షోభంలో నుంచి వచ్చిందని చూపించాడు. లెడీని నేను విప్లవకారుణ్ణి చేయబోవడం లేదు. బ్రిటిషు ప్రభుత్వమే 1911లో ఆయనకు 'అగ్గమహాపండిత' బిరుదు ఇచ్చింది. తన కుర్చీకి ముప్పు తెచ్చేవాడికి ప్రభుత్వం బిరుదులివ్వదు. అయినా, విద్యను గుత్తగా పట్టుకున్నవాళ్ళ చేతిలో నుంచి తీసి జనానికి పంచడం చిన్న పని కాదు. ఆ పని విలువ తెలుగువాళ్ళకు, గ్రాంథిక వ్యావహారిక వివాదం చూసినవాళ్ళకు, వేరే చెప్పాలా?

లెడీ శిష్యుల్లో సయా తెట్జీ అనే గృహస్థు ఉన్నాడు. రంగూను నదికి ఆవలి ఒడ్డున ప్యాబ్వేజీ గ్రామంలో రైతు. 1903లో ఆ ఊరికి కలరా వచ్చింది. కొడుకూ కూతురూ కొద్దిరోజుల్లో చచ్చిపోయారు. ఆ దెబ్బకు ఇల్లు విడిచి గురువులను వెతుక్కుంటూ పోయాడు. ఏళ్ళ తరువాత తిరిగి వచ్చి, ఊరివాళ్ళకే ధ్యానం నేర్పాడు. కాషాయం కట్టలేదు. 'జీవితంలో మార్పు' అని బ్యానరు మీద తేలిగ్గా రాసుకొనే మాటకు ఇక్కడ అసలు బరువు ఉంది. బిడ్డలను పూడ్చిన రైతు మనసును అదుపులో పెట్టుకొనే ఉపాయం వెతికితే, దాన్ని పలాయనవాదమనడానికి నాకు నోరు రాదు.

అయితే అదే నదికి ఈవలి ఒడ్డున ఎవరున్నారో కూడా చూడాలి. మనవాళ్ళే ఉన్నారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి 'రంగం' పోయిన కూలీలు మేస్త్రీల అప్పుల కింద నలుగుతూ ఓడల్లో బియ్యపు బస్తాలు మోస్తున్నారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు వాళ్ళను 'కోరంగీలు' అన్నారు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలిరేట్ల కోసం సమ్మె కట్టారు. యజమానులు బర్మా కూలీలను పనిలోకి దించారు. సమ్మె పరిష్కారం కాగానే వాళ్ళను వెళ్ళగొట్టారు. పేదవాడికీ పేదవాడికీ మధ్య చిచ్చు రగిలింది. వందమందికి పైగా చచ్చారు, వాళ్ళలో అత్యధికులు మనవాళ్ళు. ఆ డిసెంబరులోనే సయా సాన్ నాయకత్వాన బర్మా రైతులు తిరగబడ్డారు. 1931 నవంబరులో అతన్ని ఉరితీశారు. ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర కుప్పకూలి, ఆ దశాబ్దం చివరికి దిగువ బర్మా సాగుభూమిలో నాలుగోవంతు చెట్టియార్ల చేతిలోకి పోయింది.

ఒకే నది, ఒకే కాలం. ఒక ఒడ్డున ఎరుక, మరో ఒడ్డున సమ్మె. ఈ రెంటినీ కలిపే వంతెన ఎందుకు లేకపోయింది? తెట్జీ శిష్యుడు తన శ్వాసను గమనించినంత శ్రద్ధగా, అవతల బస్తా మోసే కోరంగీవాడి రొప్పును గమనించి ఉంటే? చరిత్రలో 'అయితే గియితే'లకు తావు లేదని విద్యార్థులకు నేనే చెబుతుంటాను. కాని సుత్తంలోని 'బయట' అన్న మాట సడలిపోవడం ఇక్కడే మొదలైందని నా అనుమానం.

1937లో ఆ నది దాటి తెట్జీ దగ్గరికి వచ్చినవాడు ఊ బా ఖిన్, గణాంక శాఖ ఉద్యోగి. 1948లో స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. తన ఆఫీసులోనే ఉద్యోగులకు ధ్యానం నేర్పాడు. ప్రధాని ఊ నూ 1937లో 'నగాని' పుస్తక సంస్థ పెట్టి మార్క్సిస్టు సాహిత్యం అచ్చువేసినవాడు. ప్రధాని అయిన కొద్దినెలలకే కమ్యూనిస్టులతో అంతర్యుద్ధం వచ్చింది. 1949లో మహాసీ సయడాను రంగూనుకు పిలిపించి, ధ్యానకేంద్రాలకు ప్రభుత్వ అండ ఇచ్చాడు. ఆయన భక్తి నిజమైనదే కావచ్చు. కాని కమ్యూనిజానికి విరుగుడుగా ఆయన బౌద్ధాన్ని ముందుకు తెచ్చాడన్నదీ నిజమే. జనం చేతి సాధనం ప్రభుత్వం చేతి సాధనం కూడా అయింది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చు. మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి గోయెంకా తలనొప్పికి మార్ఫియా సూదులు పొడిపించుకొని విసిగి, 1955లో బా ఖిన్ దగ్గర చేరాడు. 1962 సైనిక కుట్ర తరువాత పరిశ్రమలు జాతీయమయ్యాయి, ఆయనవీ పోయాయి. 1969లో ఇండియాకు వచ్చి పదిరోజుల విపస్సన శిబిరాలు మొదలుపెట్టాడు. రుసుము లేదు, కుల మతాల పట్టింపు లేదు. అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రజ్ఞుడు – వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించినవాడు – 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో, మందులకు లొంగని నొప్పులున్న రోగుల కోసం శిక్షణ పెట్టాడు. ఆస్పత్రిలో చెల్లుబాటు కావాలని బుద్ధుణ్ణీ భిక్షువులనూ పక్కనపెట్టాడు. రోగుల మేలు కోరే చేశాడు. కాని అక్కడికి చేరేసరికి మిగిలింది 'లోపల' ఒక్కటే.

ఆ 'లోపల' పనిచేస్తుందా? కొంతమేరకు చేస్తుంది. పదేపదే కుంగుబాటుకు లోనయ్యేవారికి ఈ పద్ధతిని బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ 2004లో సిఫారసు చేసింది. 2014లో అమెరికన్ పరిశోధకులు 47 ప్రయోగాలను, 3,515 మంది ఫలితాలను కలిపి చూసి, ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుతాయన్నారు. అయితే వ్యాయామం, మందులు వంటి చికిత్సల కంటె మెరుగన్న ఆధారం దొరకలేదన్నారు. బ్రిటన్‌లో ఎనభైకి పైగా పాఠశాలల్లో ఎనిమిదివేలకు మించిన పిల్లల మీద జరిపిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి: మామూలు పాఠాల కంటె అదనపు ప్రయోజనం కనిపించలేదు. అధ్యాపక మిత్రులు ఈ చివరి సంగతి ప్రత్యేకంగా గమనించాలి. బాధపడుతున్న మనిషి తానుగా కోరి చేస్తే ఒకలాగా, గంట కొట్టి అందరి చేతా చేయిస్తే మరోలాగా ఉంటుంది.

2007లో గూగుల్ తన ఉద్యోగులకు ఎరుక నేర్పింది. 2021లో అమెజాన్ గోదాముల్లో కార్మికులు కాసేపు లోపల కూర్చొని ప్రశాంతపడటానికి టెలిఫోను బూత్ లాంటి పెట్టె ఒకటి చూపించి, లోకం నవ్వితే ఆ ప్రచారచిత్రం ఉపసంహరించుకుంది. పని వేగం మాత్రం ఆ పెట్టె బయటి విషయం.

ఇక మన సంగతి. పెట్టుబడి ఈ సాధనాన్ని ఎత్తుకుపోయిందని విమర్శించడం తేలిక. ఎత్తుకుపోవడానికి ఆ చోటు ఖాళీగా ఎందుకున్నదో ఆలోచించడం కష్టం. మన సాహిత్యంలో చనిపోయినవాడు అమరుడవుతాడు. ఆ అమరుడి భార్యకు ఆరునెలలు నిద్రపట్టకపోవడం మీద మనం ఎన్ని కథలు రాశాం? ఉద్యోగం పోయినవాడికి కరపత్రం ఇచ్చాం; ఆ రాత్రి అతనితో ఎవరు కూర్చున్నారు? ఒంటరి దుఃఖం గురించి మాట్లాడటం బలహీనత అనుకున్నంతకాలం, ఆ దుఃఖంతో మాట్లాడటానికి ఆకు రాలడం కథ చెప్పేవాడే వస్తాడు.

ఆ రోజు శిక్షణ చివర మా అందరికీ ఒక కాగితం పంచారు. మీ ఒత్తిడికి కారణమేమిటో టిక్కు పెట్టమన్నారు. కుటుంబం, ఆరోగ్యం, సమయపాలన, సెల్‌ఫోను అని నాలుగు గడులున్నాయి. అర్థశాస్త్రం మిత్రుడు జేబులోంచి స్కేలు తీసి అయిదో గడి గీసి, 'రెన్యూవల్' అని రాసి, టిక్కు పెట్టి, స్కేలు నాకిచ్చాడు. నేను గీసి పక్కావిడకు ఇచ్చాను. పదహారు కాగితాలు అయ్యేదాకా ఆ స్కేలు వరుసలో తిరిగింది.